నేల ముద్ద

మట్టి దినచర్య. నలభై ఒకటో ఏడు, కొర్ర మొలకెత్తిన వారం.

మెట్లుగా కట్టిన మా మళ్లలో నాలుగో మెట్టులో ఈ రోజు చెయ్యి పెట్టి చూశాను. మోచేతి దాకా దిగింది. మోచేతి దాకా! మా జేజి, అదే మా నాయనమ్మ వాళ్లు, చంద్రుడి కడుపులోని ఈ గుహలోకి వచ్చినప్పుడు ఇక్కడ ఉన్నది వట్టి బూడిద. పట్టుకుంటే అరచెయ్యి గీసుకుపోయేదట. వాళ్లు అనంతపురం నేలతో పోట్లాడి వచ్చినవాళ్లు కాబట్టి దీంతోనూ పోట్లాడారు. ఇంకొకరైతే మూటాముల్లె సర్దుకుని వెనక్కి పోయేవాళ్లు. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు. సరే, గొప్పలే. మట్టిని పుట్టించినవాళ్లం, ఆ మాత్రం చెప్పుకోకూడదా?

దినచర్యలో మట్టి సంగతులే చెప్పాలి, ఇంటి సంగతులు చెప్పకూడదని పంచాయతీ ప్రెసిడెంటు చౌడప్ప మళ్లీ గుర్తు చేశాడు. ఈ గుహకు మట్టి పెద్దను నేను. కుళ్లాయమ్మకు ఏది మట్టి సంగతో ఒకరు నేర్పనక్కర్లేదు.

మధ్యాహ్నం వంటశాలలో నేల ముద్ద బుట్ట తిరిగింది. కొర్ర తవుడు, కందిపొట్టు, చిక్కుడు ఈనెలు, తోటకూర కాడలు, సొరకాయ చెక్కు. గరుకుగా ఉన్నదల్లా నేలకు, మెత్తగా ఉన్నది మనిషికి. ఇది మా ఆచారం. బుట్ట బల్లలన్నీ తిరిగి నా చేతికి వచ్చేదాకా పసిపిల్లలు కూడా ముద్ద ఎత్తరు. నా మొగుడు ఓబులేసు వంటశాల పెద్ద. కొర్రలను నునుపు మిషన్లో ముత్యాల్లా తోమిస్తాడు. పప్పును వడగుడ్డలో వడకడతాడు. ఆకుకూరల్లో రసం మాత్రమే మనకు, పిప్పి నాకు, అంటే నా మట్టికి. తన గిన్నెలో ఒక్క పీచు దొరికితే గరిటె వదిలేస్తానని పందెం కాశాడు. ఇరవై ఏళ్లయింది, ఎవరూ గెలవలేదు.

నా కూతురి పేరు రేగడి. నేనే పెట్టాను. చిన్నప్పుడు, అందరికీ పూల పేర్లు పెట్టి నాకు మట్టి పేరా అని ఏడ్చేది. ఇప్పుడు ఎవరైనా పేరడిగితే తల పైకెత్తి చెబుతుంది. కొర్ర కోత కాగానే కొన్ని కుటుంబాలను వెంటబెట్టుకుని రెండో గుహకు పోతుంది. అక్కడ ఇంకా బూడిదే. దానికి మొదటి మట్టి పెద్ద నా కూతురు. నిండా పాతికేళ్లు లేవు.

ఒక్కటే బెంగ. రెండేళ్లుగా దానికి పెద్దపేగులో పుండ్లు. రక్తం పడుతుంది, ఆగుతుంది, మళ్లీ పడుతుంది. రెండో గుహలో ఆసుపత్రి లేదు. కోతలోగా రక్తం ఆగకపోతే దాని బదులు ఇంకొకరిని పంపుతామని పంచాయతీ తీర్మానం చేసింది.

ఆగుతుంది. నా కూతురు కదా.

పిలకలు వేసిన వారం.

మెట్లన్నీ బాగున్నాయి. రెండో మెట్టులో తేమ కొంచెం ఎక్కువ.

పొద్దున మా మరుగుదొడ్డిలో రక్తం పడిందో లేదో చూసే పరీక్ష పెట్టె ఎర్ర దీపం వెలిగించింది. రేగడి బయటికి వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. ఓబులేసు దాన్ని భుజం మీద వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. ఇక్కడ బరువు తక్కువే. అయినా అది మరీ తేలిగ్గా ఉందని ఆయన తర్వాత నాతో అన్నాడు. అనకుండా ఉండాల్సింది.

మా డాక్టరు ఖాసింబీ పరీక్షలన్నీ చేసి నన్ను పక్కకు పిలిచింది. "కుళ్లాయక్కా, పుండ్లు పెరిగినాయి. ఇంకొకటి గూడా ఉండాది. పాపకు షుగరు వచ్చింది."

"షుగరా?" నా గొంతు ఆసుపత్రంతా వినబడి ఉంటుంది. "అది తినేదే పిడికెడు! పుల్ల మాదిరి అయిపోయింది! లావుగా ఉండేటోళ్లకు వచ్చేది దీనికి ఎట్లొస్తాది? నీ మిషను చెడిపోయింటాది, చూడు."

"మిషను బాగుండాది. కాలేయానికి కొవ్వు గూడా పడతాంది." ఖాసింబీ నా అరుపులకు అలవాటు పడిన మనిషి. "పేగులో మంట పేగులోనే ఆగదక్కా. పేగు గోడ పలచబడితే లోపలుండాల్సిన మలినం రక్తంలోకి కారుతుంది. దాంతో ఒళ్లంతా కొట్లాట. ఆ కొట్లాటలో ఇన్సులిన్ మాట వినేటోళ్లు ఉండరు. పైగా మంట ఆర్పేదానికి నేనిచ్చే స్టెరాయిడ్ గూడా షుగరు పెంచుతాది. ఇటు మూస్తే అటు తెరుచుకుంటాంది."

ఆమె కిటికీలోంచి రెండు గదులు చూపించింది. మొదట వచ్చినవాళ్లు ఆసుపత్రి కట్టినప్పుడే పేగు జబ్బులకు ఒక గది, షుగరుకు ఒక గది అని విడగొట్టారు. "పొద్దున ఈ గదిలో చూసిన మొఖాలే సాయంత్రం ఆ గదిలో చూస్తాండా. పోయిన ఏడు నుంచి గమనిస్తాండా. ఒకరిద్దరైతే సరేలే అనుకుందును. ఇంతమందికి రెండూ కలిసి ఎందుకొస్తాండాయో అంతు చిక్కడం లేదు."

"నా కూతురి సంగతి చెప్పు ముందు."

"మందు మారుస్తా. దానికీ లొంగకుంటే పెద్దపేగు తీసేయాల్సి వస్తాది."

మంచం మీద రేగడి ఇదంతా వింటోంది. "తీసేస్తే రెండో గుహకు పోనిస్తారా?" అంది.

అప్పుడు అడగాల్సిన మాటా అది! తిట్టాను. కానీ నా కూతురు తప్ప ఇంకెవరూ ఆ మాట అడిగి ఉండరు. ఆ సంగతి కూడా ఇక్కడ చెప్పేస్తున్నాను.

పొట్ట మీదున్న వారం.

నాలుగో మెట్టుకు ఈ వారం తవుడంతా పెట్టాను. పిడికిట్లో నొక్కి వదిలితే ముద్ద విరగకుండా నిలబడుతోంది. చంద్రుడి మీద ఇంకెక్కడైనా ఇలాంటి మట్టి చూపించమనండి.

రేగడిని ఇంకా ఆసుపత్రిలోనే ఉంచారు. రోజూ పోయి దానికి మట్టి కబుర్లు చెబుతున్నాను. మంచం పక్కన కూర్చుని మెత్తగా మాట్లాడటం నాకు చేతకాదు. నాలుగో మెట్టు గురించి చెబుతుంటే అది కళ్లు మూసుకునే, "నాకంటే దానికే ఎక్కువ పెడతాండావు మా. అదే నీ పెద్దకూతురు" అంది.

"పెట్టకుంటే ఏమైతాదో తెల్దా? జేజి కాలంలో ఏమైంది?" అని నేను ఎప్పుడూ చెప్పే కథ మొదలుపెట్టాను. మొదటి ఏళ్లలో మట్టికి పోషకాలు కలిపిన నీళ్లు మాత్రమే పోశారు. గరుకు మేత వేయలేదు. బూడిదలో వదిలిన సూక్ష్మజీవులకు తినడానికి ఏమీ లేక, మట్టి రేణువులను పట్టి ఉంచే జిగురునే తినేశాయి. ఒక పంట బ్రహ్మాండంగా వచ్చింది. ఆ తర్వాత మట్టి పొడిపొడి అయిపోయి, పోసిన నీళ్లు పోసినట్టే కిందికి కారిపోయాయి. అప్పుడు మొదలైంది నేల ముద్ద ఆచారం. "మేత వేయకుంటే ఉండే ఇంటినే తింటాయి అవి" అని కథ ముగించాను.

సెలైన్ సీసా మారుస్తున్న ఖాసింబీ ఆగిపోయింది. "అక్కా, ఆ మాట మళ్లా చెప్పు."

మళ్లీ చెప్పాను. ఆమె వచ్చి మంచం అంచున కూర్చుంది.

"పేగు లోపల గూడా జిగురు పొర ఒకటి ఉంటాది. దాని మీద కోట్ల సూక్ష్మజీవులు. వాటికి మేత పీచు. పీచు లేకుంటే ఆ పొరనే గీక్కొని తింటాయి. పొర పోతే గోడ కారుతుంది, మంట పుడుతుంది, ఆ మంట షుగరు దాకా, కాలేయం దాకా పోతాది. ఇదంతా చదువుకున్నా అక్కా. కానీ భోజనం అనుకుంటే ఓబులేసన్న చేతి భోజనమే గదా, దాంట్లో తప్పుంటాదని ఎవురనుకుంటారు?" తర్వాత జాగ్రత్తగా అంది. "పాప జబ్బుకు ఇదొక్కటే కారణమని చెప్పను. ఒంటి తత్వం గూడా ఉంటాది. కానీ ఇంతమందిలో రెండు జబ్బులూ జంటగా తిరుగుతాండాయంటే, మన కంచం దగ్గర మొదలుపెట్టాల."

"నేను చెప్పలేదా, ఆ మెట్టు నా కూడు తింటాందని" అని రేగడి నవ్వింది. నవ్వితే నొప్పి వచ్చి ముడుచుకుపోయింది.

నేరుగా నాలుగో మెట్టు దగ్గరికి పోయాను. మోచేతి దాకా చెయ్యి పెట్టాను. వెచ్చగా, బలిసి ఉంది. నాకు దాని మీద కోపం వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మట్టి మీద కోపం రావడం ఇదే. చెయ్యి కడుక్కోకుండానే వంటశాలకు పోయాను. బుట్ట బల్లలన్నీ తిరిగి నా చేతికి రాగానే, అందరూ చూస్తుండగా అందులోంచి రెండు గుప్పిళ్ల తవుడు తీసి కొంగులో మూట కట్టుకున్నాను.

నేలకు ఇచ్చింది వెనక్కి తీసుకున్న మనిషిని ఈ గుహలో ఎవరూ చూడలేదు. చూడనీ.

కంకి ఈనిన వారం.

మట్టి సంగతులు తర్వాత.

ఆ తవుడు గబగబా ఉడికించి నేనే రేగడికి తినిపించాను. రెండు గుప్పిళ్లూ. దానికి మేలు జరుగుతుందంటే ఒక్క పూట కూడా ఆగలేకపోయాను. తెల్లారేసరికి రక్తం పోసింది. ఖాసింబీ నన్ను కోప్పడటం అంతకుముందు ఎప్పుడూ జరగలేదు.

"పచ్చి పుండు మీద ఉమక రుద్దుతారా ఎవురన్నా? మంట ఆరకముందే గరుకు మేత వేస్తే పేగు చిరుగుతాది! మందుతో మంట దించి, నానబెట్టి, పులియబెట్టి, మెత్తగా ఉడికించి, చెంచాతో మొదలుపెట్టాల. కొత్త మెట్టులో నువ్వు తవుడు ఒకేసారి గుమ్మరిస్తావా?"

గుమ్మరించను. ఏ మట్టికీ అలా చేయను. పెళ్లయిన ఇన్నేళ్లలో నాకు నోట మాట రాకపోవడం ఇదే మొదటిసారి అని ఓబులేసు అన్నాడు. అనడానికి మంచి సమయమే చూసుకున్నాడు.

ఖాసింబీ గడువు పెట్టింది. కొర్ర కంకి పాలు పోసుకునే వారం దాకా చూస్తుంది. అప్పటికీ రక్తం ఆగకపోతే పెద్దపేగు తీసేస్తుంది. ఆ తర్వాత రెండో గుహ మాట ఎత్తకూడదు.

ఇది చాలదన్నట్టు పంచాయతీ పిలిచింది. నేల సొత్తు ముట్టుకున్నానని. చౌడప్ప లేచి నిలబడి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు. "మన పెద్దోళ్లు కడుపు మాడ్చుకుని నేలకు పెట్టినారు. మనం బతుకుతాండేది ఆ ముద్దతోనే. ఈ పొద్దు ఒక బిడ్డ కోసం తీస్తే, రేపు అందరూ తీస్తారు. నేల ఏం తినాల?"

ఖాసింబీ తన వంతుగా పేగు గది, షుగరు గది సంగతి చెప్పింది. రెండు గదులకూ తిరిగే వాళ్లు చేతులెత్తండి అంది. మొదట ఎవరూ ఎత్తలేదు. ఆ జబ్బుల గురించి నలుగురిలో చెప్పుకోవడం మాకు సిగ్గు. తర్వాత ఒక్కొక్క చెయ్యి లేచింది. అన్ని చేతులు లేస్తాయని నేను కూడా అనుకోలేదు. మంచం మీది నుంచి వీల్‌చైర్లో వచ్చిన రేగడి అందరికంటే ఎత్తుగా ఎత్తింది.

"అయినా నేల ముద్ద నేల ముద్దే" అన్నాడు చౌడప్ప. గొంతులో మునుపటి బలం లేదు.

అప్పుడు లేచాను. "చౌడప్పన్నా, ఒక మాట అడుగుతా, కోప్పడొద్దు. మనం తిన్న తవుడు యాడికి పోతాది?"

ఆయనకు అర్థం కాలేదు.

"మన మరుగుదొడ్ల గొట్టాలు యాడికి పోతాండాయి? నా మెట్లకే గదా! మనం తిన్నా అది నేలకే వస్తాది. నువ్వు ఎంత గట్టిగా పట్టుకున్నా రేపు పొద్దునకు వదలాల్సిందే! దారి కొంచెం చుట్టు, అంతే!"

మొదట నవ్వింది రేగడి. తర్వాత పంచాయతీ అంతా. చౌడప్ప కూడా మీసం చాటున నవ్వాడు, నేను చూశాను. "కొంచెం తరుగు ఉంటాది" అని నేనే ఒప్పుకున్నాను. "లోపల సూక్ష్మజీవులు తిన్నంత నేలకు తగ్గుతాది. మట్టి పెద్దను నేను. ఆ తరుగు నా మెట్లు మోస్తాయి. నేను చేసిన మట్టికి ఆ మాత్రం సత్తువ ఉండాది."

తీర్మానం మారింది. ఇకనుంచి ముందు మనిషి, తర్వాత నేల.

పాలు పోసుకున్న వారం.

ఓబులేసు రెండు రోజులు గరిటె ముట్టలేదు. వడగుడ్డ ఒళ్లో పెట్టుకుని పొయ్యి ముందు కూర్చున్నాడు. "ఏందిమే ఇది. పీచు తీసేదానికే ఇరవై ఏళ్లు బతికినా. నా చేతి మెత్తని ముద్ద నా బిడ్డకే పడకుండా పాయె" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు నేను ఓర్వలేను. "ఏడ్చేదుంటే ఏడ్చి, అంబలి చెయ్ లే" అన్నాను. నా ఓదార్పు అంతే.

లేచాడు. అదే వడగుడ్డలో తవుడు మూటగట్టి నానేశాడు. పులియబెట్టాడు. సన్నసెగ మీద కలుపుతూ కూర్చున్నాడు. మొదటి కుండ జిగట, రెండోది మాడింది. మూడోది మూత తీయగానే ఆ పుల్లటి వాసనకు ఆయన ముఖం మారిపోయింది. "మా జేజి కుండ ఇట్లే ఉండేది" అన్నాడు. ఇంతవరకు ఆ జేజి గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

ఖాసింబీ కొత్త సూది మందుతో మంట దించి, స్టెరాయిడ్ మెల్లగా తగ్గించింది. అంబలి మొదట ఒక చెంచా. నిలిచింది. తర్వాత రెండు. సొరకాయ గుజ్జు, నానిన పొట్టుపప్పు మెత్తగా ఉడికించి కొంచెం కొంచెం. రేగడికి విసుగు. "మొలకకు నీళ్లు చల్లినట్టు చల్లుతాండారే" అని తిట్టింది. తిట్టే ఓపిక వచ్చిందని నాకు సంబరం.

గడువు రోజు వచ్చింది. ఆసుపత్రిలో ఆపరేషన్ మిషను తుడిచి సిద్ధంగా ఉంచారు. రేగడి మరుగుదొడ్డిలోకి పోయింది. నేను, ఓబులేసు, ఖాసింబీ బయట నిలబడ్డాం. మరుగుదొడ్డి తలుపు ముందు చేతులు జోడించి కదిరి నరసింహస్వామికి మొక్కిన మనుషులు చంద్రుడి మీద మేమే అయి ఉంటాం. ఖాసింబీ కూడా పెదవులు కదుపుతోంది, ఆమె మొక్కు ఆమెది.

"మా!" అని లోపల్నుంచి కేక. "పచ్చ దీపం!"

ఏడ్చాను. చెప్పడానికి సిగ్గేమీ లేదు. బిగ్గరగా ఏడ్చాను.

కోత వారం.

దిగుబడి బాగుంది. నాలుగో మెట్టు కంకులు ఒక్కొక్కటి నా చేతంత.

పచ్చ దీపం మధ్యలో ఒకసారి పసుపు రంగుకు పోయి మళ్లీ వచ్చింది. ఖాసింబీ ఇది నయమైపోయే జబ్బు కాదని, అణిగి ఉండే జబ్బని రేగడికి పదిసార్లు చెప్పింది. సూది మందు ఆపకూడదు. కానీ షుగరు దిగింది, కాలేయం కొవ్వు తగ్గుముఖం పట్టింది. ఒకవైపు చల్లబడితే రెండోవైపూ చల్లబడుతోంది. మిగతా వాళ్లలోనూ చాలామందికి తేడా కనబడుతోంది, కొందరికి ఇంకా లేదు. ఖాసింబీ రెండు గదుల మధ్య గోడ కొట్టించేసింది. పేగుకు వచ్చినవాళ్లకు షుగరు కూడా చూస్తోంది, షుగరుకు వచ్చినవాళ్లకు పేగు కూడా. ఆ దుమ్ము నేనే ఎత్తుకొచ్చి రెండో మెట్టుకు వేశాను.

పంచాయతీ రేగడిని పంపడానికి ఒప్పుకుంది. మందుల పెట్టె వెంట ఉండాలి, నెలకోసారి వచ్చి చూపించుకోవాలి. తీర్మానం చదివిన చౌడప్ప వంటశాలలో అంబలి రెండోసారి వేయించుకోవడం అందరూ చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. నేను మాత్రం అన్నాను.

బండి ఎక్కే ముందు రేగడి నా దగ్గర నాలుగో మెట్టు మట్టి ఒక బకెట్ అడిగింది. కొత్త నేలకు పాత మట్టి తోడు వేయాలి కదా. పోయేదేదో మంచిదే పోనీ అని రెండు బకెట్లు ఇచ్చాను. ఓబులేసు పులిసిన అంబలి కుండ మూతికి వడగుడ్డ కట్టి దాని ఒళ్లో పెట్టాడు. బండి కదిలేటప్పుడు అది తల పైకెత్తి కూర్చుంది. నిటారుగా. అందరూ చూశారా లేదా అని నేను చుట్టూ చూశాను. చూశారు.

కోత అయిన తర్వాత వారం.

రెండో గుహ నుంచి రేగడి మాట్లాడింది. తెర మీద దాని వెనకాల అంతా బూడిద.

"మా, ఈ నేలను చూస్తే కడుపు తరుక్కుపోతాంది. వట్టి పేదది. తవుడంతా దీనికే పెడదామనిపిస్తాంది. ఒక్క పంట దాకా. మేం ఓర్చుకుంటాం."

"పెట్టినావంటే బండెక్కి వచ్చి చెవులు మెలేస్తా" అన్నాను. "నేల ఆగుతాది. నలభై ఏళ్లు ఆగిన నేల ఇంకొన్నాళ్లు ఆగుతాది. ముందు నువ్వు తిను."

అది నా వంక అలాగే చూసింది. ఈ మాట నా నోట వస్తుందని అనుకోలేదేమో. తర్వాత పక్కనున్న గిన్నె ఎత్తి తెరకు చూపించింది. నాకి ఖాళీ చేసిన గిన్నె. అడుగున రెండు తవుడు పలుకులు అంటుకుని ఉన్నాయి.

"తిన్నా మా. ఊరికే నిన్ను పరీక్ష చేసినా."

పొగరు చూడండి. అచ్చం నా పోలికే.

మట్టి సంగతి. నాలుగో మెట్టులో చెయ్యి పెట్టి చూశాను. మోచేతి దాకా రాలేదు. మట్టి వేలెడు తగ్గింది, నా మెట్లు మోస్తాయన్న తరుగే. ఈ గుహలో మట్టి తగ్గిందని దినచర్యలో చెప్పడం ఇదే మొదటిసారి. చెబుతున్నది మట్టి పెద్ద కుళ్లాయమ్మ. గర్వంగా చెబుతున్నాను.